ఇంటి కంప్యూటరుకు ఏ ఫైల్ సిస్టమ్? చిట్టా రాసేదాన్ని ఎంచుకోండి

మే నెల మిట్టమధ్యాహ్నం. విజయవాడ పటమటలో మా ఇంటి గోడలు కూడా సెగలు కక్కుతున్న వేళ, మా అక్క కూతురి ఓణీల వేడుక ఫొటోలను కంప్యూటరు నుంచి బయటి డిస్కులోకి పంపుతున్నాను. సగంలో కరెంటు పోయింది. పది నిమిషాలకు కరెంటు వచ్చింది గానీ డిస్కు రాలేదు. 'ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి' అని తెర మీద ఒక పెట్టె ప్రత్యక్షమైంది. కొత్త ఫొటోలే కాదు, అంతకు ముందు అయిదేళ్లవీ అందులోనే ఉన్నాయి. రికవరీ సాఫ్ట్‌వేరుతో రెండు రాత్రులు కూర్చుంటే కొన్ని వచ్చాయి, పేర్లన్నీ పోయి వట్టి అంకెలతో. కరెంటును తిట్టుకున్నాను, డిస్కును తిట్టుకున్నాను. నిజానికి తప్పు నాది. డిస్కు ఏ ఫైల్ సిస్టమ్‌తో వచ్చిందో ఒక్కసారి కూడా చూడకుండా ఇంటిల్లిపాది జ్ఞాపకాలను అందులో పోశాను.

డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో లెక్క రాసుకునే పద్ధతినే ఫైల్ సిస్టమ్ అంటారు. ఇది నాకు మా నాన్నగారి ఉద్యోగం గుర్తొచ్చాకే సరిగ్గా బోధపడింది. ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమస్తా. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగగానే ముందు చిట్టాలో రాసేవారు: ఎవరి సరుకు, ఎన్ని టిక్కీలు, ఏ వరసలో పేర్చారు. తీరిక చూసుకుని దాన్ని ఆవర్జాలోకి, అంటే ఖాతాల పెద్ద పుస్తకంలోకి, ఎక్కించేవారు. మధ్యలో ఎవరో పిలిచి, ఆవర్జాలో పద్దు సగంలో ఆగిపోయినా భయం లేదు. చిట్టా తీసి చూసి ఆ పద్దు పూర్తి చేయడమో, కొట్టేయడమో చేస్తే లెక్క మళ్లీ నిలబడుతుంది. ఫైల్ సిస్టమ్‌లో జర్నల్ అనేది అచ్చంగా ఈ చిట్టాయే. నా డిస్కులో ఉన్న ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌కు చిట్టా లేదు, నేరుగా ఆవర్జాలోనే రాస్తుంది. కరెంటు పోయిన క్షణంలో ఆ పద్దు సగంలో ఉండిపోయింది.

ఇక పని మొదలుపెట్టండి. ఒక సాయంత్రం చాలు.

1. ముందు మీ దగ్గర ఏముందో చూడండి

విండోస్ అయితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'దిస్ పీసీ' తెరిచి, ఒక్కొక్క డ్రైవు మీద మౌసు కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్'లోకి వెళ్లండి. 'ఫైల్ సిస్టమ్' అనే వరసలో పేరు ఉంటుంది. మ్యాక్‌లో 'డిస్క్ యుటిలిటీ', లైనక్స్‌లో 'డిస్క్స్' అనే అప్లికేషన్ అదే సంగతి చెబుతాయి. ఇంట్లో ఉన్న ప్రతి డిస్కునూ, పెన్‌డ్రైవునూ పెట్టి చూసి ఒక కాగితం మీద రాసుకోండి: ఏ డిస్కు, ఏ ఫైల్ సిస్టమ్, అందులో ఏముంది, ఆ ఫైళ్లు మరెక్కడైనా ఉన్నాయా. ఆఖరి గడిలో 'లేవు' అని రాయాల్సి వచ్చిన డిస్కులే మీ అసలు సమస్య.

2. కంప్యూటరు లోపలి డిస్కుతో ప్రయోగాలు వద్దు

విండోస్ వాడుతున్నారా? లోపలి డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటుంది, అలాగే ఉండనివ్వండి. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఈ ఫైల్ సిస్టమ్ మూడు దశాబ్దాలుగా దెబ్బలు తిని రాటుదేలింది, చిట్టా రాస్తుంది. మ్యాక్ అయితే 2017 నుంచి వస్తున్న ఏపీఎఫ్‌ఎస్. లైనక్స్‌లో ఉబుంటు, మింట్ మామూలుగా ఇచ్చేది ఈఎక్స్‌టీ4. 2008లో స్థిరపడింది, దీనికీ చిట్టా ఉంది. ఫెడోరా మాత్రం 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి డెస్క్‌టాప్‌లకు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఇస్తోంది.

మీ ఆపరేటింగ్ సిస్టమ్ తనంతట తాను ఏది ఇస్తే అదే మంచిది. ఎందుకంటే ఎక్కువ మంది వాడేది అదే, లోపాలు ముందుగా బయటపడేదీ సరిదిద్దేదీ అందులోనే. వేగం పట్టికలు చూసి ఫైల్ సిస్టమ్ మార్చేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది. ఇంట్లో మనం తెరిచే ఫైళ్లకు ఆ తేడా కంటికి ఆనదు. పైగా పేరు మోసినవి కూడా కాలం చెల్లిపోతాయి. ఒకప్పుడు లైనక్స్ లోకంలో రీజర్‌ఎఫ్‌ఎస్ గొప్ప వెలుగు వెలిగింది. పట్టించుకునేవాళ్లు కరువై, లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో, 2025 జనవరిలో వచ్చిన 6.13 వెర్షన్ నుంచి దాన్ని తీసేశారు. పాత డిస్కులో ఆ ఫైల్ సిస్టమ్ ఉన్నవాళ్లు చదవడానికి పాత కెర్నల్‌నే వెతుక్కోవాలి.

ఒకే కంప్యూటరులో విండోస్, లైనక్స్ రెండూ పెట్టుకున్నవారికి ఒక హెచ్చరిక. విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' ఉంటే, మీరు ఆపేశాననుకున్నా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లైనక్స్ వెళ్లి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఏదైనా రాస్తే ఇద్దరు గుమస్తాలు ఒకే పుస్తకంలో ఒకరికి తెలియకుండా ఒకరు రాసినట్టే. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో దాన్ని తీసేయండి.

3. బయటి డిస్కును ఎవరెవరు చదవాలి?

ఎంపిక అవసరమయ్యేది బయటి డిస్కుకే. ఆ డిస్కు ఏయే యంత్రాలకు తగిలిస్తారో ఆలోచించండి.

విండోస్ కంప్యూటర్లకు మాత్రమే అయితే సందేహం లేకుండా ఎన్‌టీఎఫ్‌ఎస్. లైనక్స్‌తో కూడా వాడతారంటే అప్పుడూ అదే, లైనక్స్ దాన్ని చదువుతుంది, రాస్తుంది. మ్యాక్ మాత్రం ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుంది గానీ తనంతట తాను అందులో రాయదు. అటు విండోస్, ఇటు మ్యాక్ రెండింట్లోనూ రాయక తప్పదంటే ఎక్స్‌ఫ్యాట్ ఒక్కటే సులువైన దారి. అలాంటప్పుడు ఆ డిస్కును మోతకు మాత్రమే వాడండి, దాచుకోవడానికి వద్దు. ఆర్టీసీ బస్సులో సామాను పంపిస్తాం, బస్సులోనే కాపురం పెట్టం కదా.

ఫ్యాట్32 సంగతి కూడా చెప్పాలి. 1996 నాటిది, టీవీలూ కారు స్టీరియోలూ అన్నీ చదువుతాయి. ఒక్క ఫైలు 4 జీబీ దాటితే మాత్రం దాని వల్ల కాదు. పెళ్లి వీడియో తెచ్చుకుందామని వెళితే, పెన్‌డ్రైవులో 50 జీబీ ఖాళీ ఉన్నా 'ఫైలు మరీ పెద్దది' అని మొరాయించేది అందుకే. పాపం ఫొటోగ్రాఫర్‌తో దెబ్బలాడకండి. విండోస్‌లో ఫ్యాట్32ను ఉన్న ఫైళ్లు పోకుండా ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మార్చే వీలుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ వీలు లేదు, ఫైళ్లు వేరే చోటికి తీసి ఫార్మాట్ చేయాల్సిందే.

కెమెరా కార్డు ఒక మినహాయింపు. 32 జీబీ దాటిన ఎస్‌డీ కార్డులకు ఎక్స్‌ఫ్యాట్ ప్రమాణమే. దాన్ని కంప్యూటరులో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేసుకోండి.

4. కరెంటు సంగతి తేల్చుకోండి

చిట్టా ఉన్నా అది అన్నిటినీ కాపాడదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ చిట్టాలోనూ, ఈఎక్స్‌టీ4 మామూలు అమరికలోనూ ఉండేది లెక్క మాత్రమే, సరుకు కాదు. కరెంటు పోయినప్పుడు రాస్తున్న ఫైలు చెడిపోవచ్చు. మిగతా డిస్కు మాత్రం నిలుస్తుంది. నాకు ఆ రోజు ఈ మాత్రం రక్షణ ఉన్నా పోయేవి రెండు మూడు ఫొటోలే.

డెస్క్‌టాప్ వాడేవారు యూపీఎస్ లేకుండా ఉండకండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటారు. కరెంటు పోయాక అది అందుకునే లోపు వచ్చే చిన్న విరామానికి ఫ్యాను ఆగదు, కంప్యూటరు మాత్రం తిరిగి మొదలవుతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక 'యూపీఎస్' అనే మీట ఒకటి ఉంటుంది. దాన్ని అటు పెడితే విరామం తగ్గుతుంది. ఆ మీట మా ఇంట్లో నాలుగేళ్లు తప్పు వైపున ఉంది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది గనక కంప్యూటరు బతుకుతుంది, గోడ సాకెట్ నుంచి కరెంటు తీసుకునే పెద్ద బయటి డిస్కు మాత్రం బతకదు.

బయటి డిస్కును తీసేటప్పుడు 'ఎజెక్ట్' నొక్కి, తీయవచ్చని చెప్పాకే తీయండి. 2018 చివరి నుంచి విండోస్ 10 బయటి డిస్కులకు వెంటనే తీసేయదగ్గ పద్ధతినే ముందుగా అమర్చి ఇస్తోంది. అయినా ఆ ఒక్క క్లిక్కుకు బద్ధకం ఎందుకు?

5. తూకం సరిచూసేది మీకు కావాలా?

చిట్టా వల్ల లెక్క తప్పదు. కానీ లోపలి సరుకు నెమ్మదిగా పాడైతే? కోల్డ్ స్టోరేజీలో పెట్టిన టిక్కీ ఏడాదికి బయటికి తీస్తే, పెట్టినప్పటి తూకమే ఉందో లేదో కాటా వేస్తేనే తెలుస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ మన ఫైళ్ల లోపలి సమాచారానికి కాటా వేయదు. ఈఎక్స్‌టీ4, ఏపీఎఫ్‌ఎస్ తమ లెక్కల పుస్తకానికి వేస్తాయి గానీ మన ఫొటోలకు వేయవు. ఫొటోలో ఒక ముక్క చెడిపోయినా అవి మారు మాట్లాడకుండా అదే తీసి ఇస్తాయి.

జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ తేడా ఇక్కడే. రాసేటప్పుడు ప్రతి ముక్కకూ చెక్‌సమ్ అనే తూకం చీటీ కట్టి, చదివేటప్పుడు సరిచూస్తాయి. పాత పుటను దిద్దకుండా కొత్త పుటలో రాసి, ఆ తర్వాతే సూచికను మార్చడం వీటి మరో గుణం. కొట్టివేతలు లేని పుస్తకమన్నమాట. అందుకే పొరపాటున చెరిపేసిన ఫైలును ముందే తీసి పెట్టుకున్న స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్కు ఎలా ఉందో పట్టి ఉంచే నమూనా) నుంచి తెచ్చుకోవడం వీటిలో తేలిక. జెడ్‌ఎఫ్‌ఎస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ తయారుచేసి 2005లో బయటి ప్రపంచానికి ఇచ్చింది. లైసెన్సు పేచీ వల్ల అది లైనక్స్ కెర్నల్‌లో భాగం కాలేదు, విడిగా అమర్చుకోవాలి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ 2009 నుంచి కెర్నల్‌లోనే ఉంది.

మీకు ఇవి కావాలా అంటే, చాలా ఇళ్లకు అక్కర్లేదు. లైనక్స్‌తో పరిచయం ఉండి, ఏళ్ల తరబడి దాచుకునే ఫొటోలూ వీడియోలూ టీబీల్లో ఉంటేనే ఆలోచించండి. ఆలోచిస్తే రెండు డిస్కులతో ఆలోచించండి. ఒకే డిస్కు ఉంటే తూకం తప్పిందని చెబుతుంది గానీ ఫొటోను బాగుచేయలేదు. ఒకే సరుకును రెండు డిస్కుల్లోనూ పెట్టే మిర్రర్ పద్ధతిలో అయితే, చెడిన ముక్కను రెండోదాంట్లోంచి తెచ్చి తనే దిద్దుకుంటుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో, పలు డిస్కులను కలిపి వాడే రెయిడ్ 5, 6 పద్ధతుల జోలికి వెళ్లకండి. దాన్ని తయారుచేసినవారే జాగ్రత్త చెబుతున్నారు. డిస్కును అంచు దాకా నింపకండి, అయిదో వంతు ఖాళీ ఉంచడం నా అలవాటు.

ఇంత చేసి, కాటా వేయకపోతే ప్రయోజనం లేదు. 'స్క్రబ్' అనే పని డిస్కంతా చదివి తూకాలు సరిచూస్తుంది. నెలకోసారి చాలు. ఒకసారి మా డిస్కు స్క్రబ్‌లో తప్పులు కుప్పలుగా కనిపించాయి. డిస్కు పోయిందని కొత్తది కొనబోతూ, కేబుల్ మార్చి చూశాను. మళ్లీ ఒక్క తప్పు లేదు. వదులుగా ఉన్న కేబుల్ సరుకును దారిలోనే పాడుచేస్తోంది. ఈఎక్స్‌టీ4లో ఉంటే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు.

6. ఫార్మాట్ చేసే రోజు

మీరు ఫార్మాట్ చేయబోయే డిస్కు తప్ప మిగతా బయటి డిస్కులన్నీ తీసేయండి. తప్పు డిస్కును తుడిచేయడం తెలియనివాళ్లు చేసే పని కాదు, తెలిసినవాళ్లు తొందరలో చేసే పని.

ఫైళ్లు వేరే చోట ఉన్నాయో లేదో చూసుకోండి. ఉండటమంటే పేర్లు కనిపించడం కాదు. నాలుగైదు తెరిచి చూడండి. తర్వాత విండోస్‌లో డ్రైవు మీద కుడి మీట నొక్కి 'ఫార్మాట్', అక్కడ ఎన్‌టీఎఫ్‌ఎస్. 'అలొకేషన్ యూనిట్ సైజు'ను ఉన్నట్టే వదిలేయండి. కొత్త డిస్కుకు 'క్విక్ ఫార్మాట్' చాలు. పాత డిస్కయితే ఆ గుర్తు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. గంటలు పడుతుంది గానీ చెడిన చోట్లు ఉంటే అప్పుడే బయటపడతాయి.

చవకగా వచ్చిన పెన్‌డ్రైవును నమ్మకండి. 16 జీబీ సరుకుకు 512 జీబీ చీటీ అంటించినవి అమ్మకానికి వస్తుంటాయి. ఫార్మాట్ చేసినా పెద్ద అంకే చూపిస్తాయి, లోపల చోటు అయిపోయాక రాసినదంతా గాలికి పోతుంది. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరు డ్రైవు నిండా రాసి, తిరిగి చదివి నిజం చెబుతుంది.

7. తెలుగు పేర్లు పెట్టేవారికి

దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టడం నాకు ఇష్టం. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ పేరుకు 255 గుర్తుల దాకా ఒప్పుకుంటాయి. ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కూడా 255 అనే అంటాయి, కానీ అవి లెక్కపెట్టేది బైట్లను. తెలుగులో ఒక్కొక్క గుర్తుకు 3 బైట్లు. అంటే 85 గుర్తులే. అందులోనూ గుణింతం ఒక గుర్తు, వత్తుకు రెండు. 'లక్ష్మి'లోని రెండో అక్షరం ఒక్కటే ఆరు గుర్తులు, 18 బైట్లు! 'అక్క కూతురి ఓణీల వేడుక, కనకదుర్గమ్మ గుడిలో దర్శనం తర్వాత పున్నమి ఘాట్ దగ్గర తీసుకున్న ఫొటోలు, వీడియోలు' అని ఫోల్డరుకు పేరు పెడితే విండోస్ ఊరుకుంటుంది, లైనక్స్ డిస్కులోకి కాపీ చేయబోతే 'పేరు మరీ పొడుగు' అని ఆగిపోతుంది. ముందు తేదీ, తర్వాత రెండు మూడు మాటలు పెట్టండి. పేర్లలో ప్రశ్నార్థకం, కోలన్ కూడా వద్దు, విండోస్ వాటిని ఒప్పుకోదు.

8. రెండో డిస్కు, రెండో ఊరు

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు మునిగాయి. నాకు తెలిసిన ఒకాయన నాకన్నా ఎంతో జాగ్రత్తపరుడు. ఆయన కంప్యూటరులో రెండు డిస్కుల మిర్రర్, నెలనెలా స్క్రబ్, పక్కన యూపీఎస్. అన్నీ ఒకే బల్ల కింద. నీళ్లు దిగాక తలుపు తీస్తే రెండు డిస్కుల నిండా బురద. ఏ ఫైల్ సిస్టమ్ ఏం చేస్తుంది?

కాబట్టి ఎన్‌టీఎఫ్‌ఎస్ అయినా, జెడ్‌ఎఫ్‌ఎస్ అయినా, పోగొట్టుకోలేని వాటికి మరో నకలు మరో ఇంట్లో ఉండాలి. దానికి మామూలు హార్డ్ డిస్కు మంచిది; ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పడి ఉంటే ఎస్‌ఎస్‌డీలు నిల్వకు అంత నమ్మకమైనవి కావు. డిస్కుకు విండోస్‌లోని బిట్‌లాకర్ తాళం వేస్తే, తెరిచే అంకెలను కాగితం మీద రాసి డిస్కుతో కాకుండా వేరే చోట పెట్టండి.

మాకు గుంటూరు బ్రాడీపేటలో అక్క ఇల్లు ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసిన రెండు డిస్కులున్నాయి, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. సంక్రాంతికి ఒకసారి, వినాయక చవితికి ఒకసారి వెళ్లినప్పుడు కొత్త ఫొటోలు ఎక్కించిన డిస్కు అక్కడ పెట్టి, పాతది తెచ్చుకుంటాను. తెచ్చిన రాత్రే దాన్ని తగిలించి ఏదో ఒక ఏడాది ఫోల్డరు తెరిచి చూస్తాం. కిందటిసారి ఓణీల ఫొటోల్లో మిగిలినవి తెరిచాం. అక్క కూతురు వాటికి ఒక్కొక్కటిగా పేర్లు పెడుతోంది, పొట్టి పేర్లే.